నూటికి ఎన్ని పాళ్లు?

వాన వస్తుంది. వచ్చేటట్టుంది. రావచ్చు. వస్తుందేమో. రాకపోవచ్చు. రాదు. ఆకాశం వంక చూసి మన ఇళ్లలో అనే మాటలే ఇవి. ఆరింటికీ ఆరు అర్థాలున్నాయని తెలుగింటి పిల్లలకు బడికి వెళ్లే ఈడుకే తెలిసిపోతుంది. ‘వచ్చేటట్టుంది’ అంటే అమ్మ లేచి దండెం మీద బట్టలు తీస్తుంది. ‘వస్తుందేమో’ అంటే ఇంకాసేపు చూస్తుంది. మన నమ్మకం ఎంతో క్రియ చివర రెండక్షరాల్లో పట్టి చెప్పే ఏర్పాటు ఈ భాషలో మొదటినుంచీ ఉంది. దానికి అంకె కట్టడమూ మనకు అలవాటే. ‘నూటికి తొంభై పాళ్లు వాడు రాడు’ అంటాం. పూర్తిగా నమ్మినదాన్ని ‘పదహారణాలా నిజం’ అంటాం. 1957లో నయాపైసలు వచ్చి అణాల లెక్క పోయినా ఆ మాట మాత్రం పోలేదు.

బడిలో దీనికి సంభావ్యత అని పేరు పెట్టి, నాణేలు, పాచికలు, సంచిలో ఎర్ర బంతులు నల్ల బంతులు ఇచ్చి లెక్కలు చేయించారు. పరీక్ష అయిపోగానే నాణేలతో పాటు ఆ ఆలోచననూ అక్కడే వదిలేశాం. నిజంగా అది కావలసినచోట్లు వేరే ఉన్నాయి. పంట ఆరబోసిన కల్లం దగ్గర, రక్తపరీక్ష కాగితం చేతిలో పట్టుకున్న క్షణంలో, పిల్లల్ని ఏ కాలేజీలో చేర్చాలా అని ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకునేటప్పుడు. అక్కడ ఈ లెక్క తెలియక జరిగే నష్టం డబ్బులోనూ, ప్రాణాల్లోనూ కనిపిస్తుంది. అందుకే దీన్ని నెమ్మదిగా, మొదటినుంచి చెప్పాలనుకుంటున్నాను.

మాటతో వచ్చే చిక్కు ఒకటుంది. నా ‘రావచ్చు’, మీ ‘రావచ్చు’ ఒకటేనని ఇద్దరం అనుకుంటాం. 1951లో అమెరికా గూఢచార విశ్లేషకులు యుగోస్లావియా మీద దాడి జరిగే అవకాశాన్ని ‘గట్టిగా ఆలోచించాల్సినదే’ అనే అర్థం వచ్చే మాటతో నివేదికలో రాశారు. ఆ పనిలో ముఖ్యుడైన షెర్మన్ కెంట్ తర్వాత తనతో కలిసి దాన్ని రాసినవాళ్లనే అడిగాడు, ఆ మాటకు మీ లెక్కలో అంకె ఎంత అని. ఒకరు నూటికి ఇరవై అన్నారు, ఇంకొకరు ఎనభై అన్నారు. కలిసి కూర్చుని, ఒకే వాక్యానికి ఒప్పుకున్నవాళ్ల మధ్యే అంత దూరం. అంకె చెప్పడంలో ఉన్న మేలు ఇదే. అంకె తప్పు కావచ్చు, కానీ అది ఎంత తప్పో తర్వాత చూసుకోవచ్చు. ‘రావచ్చు’ అన్నవాడు మాత్రం ఎన్నడూ దొరకడు.

మన వాతావరణ శాఖ మాటల వెనుకా అంకెలున్నాయి. ‘ఒకటి రెండు చోట్ల వర్షం పడే అవకాశం’ అని టీవీలో వింటాం. అది ఊరికే అన్న మాటలా ఉంటుంది గానీ, ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతు వరకు మాత్రమే వాన నమోదవుతుందని దాని అర్థం. ‘కొన్ని చోట్ల’ అంటే నాలుగో వంతు నుంచి సగం దాకా. ఏ చోట్లన్నది ముందుగా తెలియదు కాబట్టి, మొదటి మాట వచ్చిన రోజున మన ఊరికి వాన అవకాశం నూటికి ఇరవై అయిదు పాళ్లకు మించదు. అంకె తెలిసినవాడికి ఆ ప్రకటన పనికొస్తుంది. తెలియనివాడు సాయంత్రం ఎండలో నిలబడి ‘వీళ్ల మాట ఎప్పుడు నిజమైంది గనక’ అనుకుంటాడు.

ఇంకో అంకె మరీ ఇబ్బంది పెడుతుంది. ఏటా ఏప్రిల్‌లో రుతుపవనాల అంచనా వస్తుంది, ‘ఈసారి 96 శాతం వర్షం’ అని. ఆ 96 వాన వచ్చే అవకాశం కానే కాదు, వాన పరిమాణం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా దేశం మొత్తం మీద సగటున పడే వర్షం 1971–2020 లెక్కన 87 సెంటీమీటర్లు. అందులో 96 శాతం అని దాని భావం. 2009 ఏప్రిల్‌లోనూ 96 శాతమే అన్నారు, అటూ ఇటూ 5 శాతం తేడా ఉండొచ్చన్నారు. చివరికి పడింది 78 శాతం. ఆ ఏడు కరువు. ఆ ‘అటూ ఇటూ’ అన్న మాటను చదివి పక్కన పెట్టినవాళ్లే ఎక్కువ. పైగా దేశం సగటు అనంతపురం చేనుకు చెప్పేది చాలా తక్కువ. అక్కడి రైతు అంతకన్నా పాత తెలివినే నమ్ముకున్నాడు. వేరుశనగలో కొన్ని సాళ్లకొక కంది సాలు వేస్తాడు. కాయ ఊరే వేళకు వాన మొహం చాటేస్తే వేరుశనగ పోయినా, లోతుగా వేరు దిగిన కంది ఆలస్యంగా పడే వానతో ఎంతోకొంత చేతికొస్తుంది. రెండు పంటలూ ఒకే ఎండుకు పోయే అవకాశాన్ని తగ్గించుకోవడం అది. సూత్రం రాయలేదు, సాలు వేశాడు.

అంచనా మంచిదో కాదో ఎలా తెలుస్తుంది? ఇక్కడ నాకు అరణ్యపర్వంలో నలుడి కథ గుర్తొస్తుంది. ఋతుపర్ణుడు దమయంతి రెండో స్వయంవరానికని విదర్భకు పోతుంటే, బాహుకుడి రూపంలో ఉన్న నలుడు రథం తోలుతున్నాడు. దారిలో తాని చెట్టు ఒకటి కనిపించింది. త్రిఫల చూర్ణంలో కరక్కాయ, ఉసిరికాయలతో కలిసే తానికాయ చెట్టే అది. పూర్వం పాచికలాటకు ఆ కాయలే వాడేవారు. ఋతుపర్ణుడు ఒక్క చూపు చూసి, కొమ్మల మీద ఎన్ని ఆకులో, ఎన్ని కాయలో అంకెల్లో చెప్పేశాడు. నలుడు ఔననలేదు, కాదనలేదు. రథం ఆపి, చెట్టు పడగొట్టి లెక్కపెట్టాడు. రాజు తొందరపడుతున్నా వినలేదు. లెక్క సరిపోయాకే ఆ విద్య తనకు చెప్పమన్నాడు. గుర్రాల విద్య అశ్వహృదయం ఇచ్చి, పాచికల విద్య అక్షహృదయం తీసుకున్నాడు. ఆ విద్య రాగానే, అతన్ని ఆవహించి ఉన్న కలి ఒంట్లోంచి బయటికొచ్చాడు.

పాచికల విద్యకూ, చెట్టు మీది ఆకుల్ని అంచనా కట్టే విద్యకూ సంబంధం ఉందని ఆ కథ చెప్పినవాడికి తెలుసు. ఐరోపాలో 1654లో పాస్కల్, ఫెర్మా రాసుకున్న ఉత్తరాలూ జూదం గురించే. మధ్యలో ఆగిపోయిన ఆటలో పందెం సొమ్ము ఎలా పంచాలన్నది వాళ్ల ప్రశ్న. అయినా నాకు ఎక్కువగా నచ్చేది నలుడు రథం ఆపడం. జూదంలో రాజ్యం పోగొట్టుకున్నవాడు, ఇంకొకడి అంచనాను గౌరవంతోనే వింటూ, లెక్కపెట్టి చూస్తానన్నాడు. వాన నూటికి ముప్ఫై పాళ్లు అని చెప్పేవాడి విషయంలోనూ చేయాల్సింది ఇదే. ఒక రోజు చూసి తప్పనీ ఒప్పనీ తేల్చలేం. అతను ముప్ఫై అన్న రోజుల్ని నూరు ఏరి, వాటిలో దాదాపు ముప్ఫై రోజులు వాన పడిందా అని చూడాలి. పడితే అతని అంకె నమ్మదగింది. అరవై రోజులు పడితే అతను భయపడి తగ్గించి చెబుతున్నాడు. పది రోజులే పడితే గోరంతలు కొండంతలు చేస్తున్నాడు.

ఇప్పుడు అంకె చేతికొచ్చింది, దాంతో ఏం చేయాలి? సత్తెనపల్లి దగ్గర మా చిన్నమావయ్య మిరప వేస్తాడు. మార్చిలో కాయ కోసి కల్లంలో ఆరబోస్తాడు. ఆ నెలలోనే అకాల వర్షాలు. తడిస్తే కాయ రంగు పోతుంది, తాలు కింద జమకట్టి గుంటూరు యార్డులో ధర తెగ్గోస్తారు. రాత్రికి వాన సూచన ఉందంటే కూలీల్ని పిలిచి కాయ కుప్పేసి బరకాలు కప్పాలి. కూలీ, అద్దె కలిపి ఒక రాత్రికి 3,000 రూపాయలనుకుందాం. కప్పకుండా వాన పడితే నష్టం 40,000 అనుకుందాం. వాన అవకాశం ఎంతుంటే కప్పాలి?

చాలామంది సగానికి పైన ఉంటే అంటారు. ఈ అంకెలతో అది తప్పు. 3,000ను 40,000తో భాగిస్తే నూటికి ఏడున్నర. అవకాశం ఏడున్నర పాళ్లు దాటితే చాలు, కప్పడమే లాభం. నూటికి ఇరవై పాళ్లు వాన సూచన ఉన్న రాత్రులు, ఏళ్ల మీద, పది వచ్చాయనుకోండి. పది రాత్రులూ కప్పితే 30,000 ఖర్చు. ఒక్కసారీ కప్పకపోతే అందులో రెండు రాత్రులు తడిసి 80,000 పోతుంది. అయితే కప్పినవాడికి పదిలో ఎనిమిదిసార్లు పొద్దున్నే పొడి నేల కనిపిస్తుంది. ఎనిమిదిసార్లు డబ్బు దండగైనట్టే ఉంటుంది. సరైన నిర్ణయమే తీసుకుని ఎనిమిదిసార్లు పొరపాటుపడ్డానన్న బాధ మోయాలి.

క్రితం ఏడు మావయ్య ఫోన్ చేశాడు. ‘అమ్మాయ్, నువ్వు చెప్పినట్టే కప్పించాను. చుక్క పడలేదు. మూడు వేలు పోయినయ్.’ నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. పొద్దున పొడి నేల చూసి రాత్రి నిర్ణయం తప్పని అనడం మనసుకు ఎంత సహజమో ఆ గొంతులో తెలిసింది. రాత్రి మనకు తెలిసింది రాత్రి తెలిసిందే. దాంతో చేయదగ్గ పని చేశామా లేదా అన్నదొక్కటే మన చేతిలో ఉన్నది. ఎర్రదీపం దాటి వెళ్లి క్షేమంగా ఇంటికి చేరినవాడు మంచి పని చేసినట్టు కాదు. ఫలితం చూసి తీర్పు చెప్పే ఇంట్లో పిల్లలు జాగ్రత్త నేర్చుకోరు, అదృష్టాన్ని తెలివనుకోవడం నేర్చుకుంటారు.

సగటు లెక్క అన్నిటికీ సరిపోదని కూడా చెప్పాలి. సొంత పొలం, నిలవ డబ్బు ఉన్నవాడు పది రాత్రుల సగటు చూసుకోగలడు. కౌలు రైతుకు ఒక్క రాత్రి పోయిన 40,000 మళ్లీ లేవనివ్వని అప్పు కావచ్చు. రెండో రాత్రి దాకా నిలవనివాడికి పది రాత్రుల సగటుతో పని లేదు. అతను నూటికి మూడు పాళ్లు అవకాశానికే బరకాలు కప్పినా నేను తప్పనను. బీమా ప్రీమియం సగటు నష్టం కన్నా మామూలుగా ఎక్కువే ఉంటుంది, అయినా కట్టడం తెలివైన పనే అయ్యేది ఇందుకే.

సముద్రం ఒడ్డున ఇదే లెక్క ప్రాణాలతో వేయాలి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. ప్రభుత్వ లెక్కల్లోనే దాదాపు 10 వేలమంది పోయారు. ఇప్పుడు తుపాను వస్తోందంటే తీరంలో ఎన్నో ఊళ్లను ముందే ఖాళీ చేయిస్తారు. తుపాను చివరికి ఒక్కచోటే తీరం దాటుతుంది కాబట్టి, ఖాళీ అయిన ఊళ్లలో చాలావాటికి ఏమీ కాదు. గొడ్లనూ వలలనూ వదిలి రెండు రాత్రులు షెల్టరులో గడిపి తిరిగొచ్చినవాళ్లు ‘ఊరికే తిప్పారు’ అంటారు. వాళ్ల కష్టం నిజమే. కానీ ఆ ఊరి మీదికి తుపాను వచ్చే అవకాశం పదికి ఒకటే అయినా కదలాల్సిందే. ‘పదికి ఒకటి’ అని ముందే చెప్పి కదిలిస్తే తిరిగొచ్చినవాళ్లు మోసపోయామనుకోరు. ‘తప్పకుండా వస్తుంది’ అని చెప్పి కదిలిస్తే, మూడోసారి కదలరు. అధికారుల నోట ఆ అంకె వినిపించాలని నేను కోరుకునేది అందుకే.

ఇంకో ప్రశ్న ఉంది. చిన్నదే, కానీ రోజూ అడగాల్సింది: ఎంతమందిలో? ఫలితాలు రాగానే విజయవాడలోనూ హైదరాబాద్‌లోనూ కూడళ్లన్నీ ర్యాంకర్ల ముఖాలతో నిండిపోతాయి. ఒక్కో ముఖం వెనుక ఎంతమంది కూర్చుని చదివారో ఆ హోర్డింగు మీద ఉండదు. నూరు మందిలో పది ర్యాంకులు, లక్ష మందిలో పది ర్యాంకులు ఒకేలా అచ్చవుతాయి. ఆ పిల్లల్ని ఏరి చేర్చుకున్నారా, చేర్చుకుని తయారుచేశారా అన్నదీ తెలియదు. స్నేహితుడికి షేర్ మార్కెట్ ఆప్షన్స్‌లో లాభం వచ్చిందని విన్నప్పుడూ ఇదే ప్రశ్న. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో విడుదల చేసిన అధ్యయనం ప్రకారం, 2021-22 నుంచి మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన కోటిమందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారు. అందరి నష్టం కలిపి 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. మన చెవిన పడేది మిగిలిన ఏడుగురి మాట. ఆ తొంభై ముగ్గురూ తమ కథ ఎవరికీ చెప్పరు.

ఈ ప్రశ్న అడగకపోవడం వల్ల నాకు తెలిసి ఎక్కువ నిద్ర చెడింది రక్తపరీక్షల దగ్గర. ఆరోగ్యంగా ఉన్న మనిషి పండగ తగ్గింపులో ఏదో ప్యాకేజీ చేయించుకుంటాడు. ఒక జబ్బుకు ‘పాజిటివ్’ అని వస్తుంది. పరీక్ష చాలా మంచిదనుకుందాం. జబ్బున్న పదిమందిలో తొమ్మిదిమందిని పడుతుంది. లేనివాళ్లలో నూటికి అయిదుగురిని మాత్రమే పొరపాటున ఉందంటుంది. ఇప్పుడతనికి జబ్బుండే అవకాశం ఎంత? అడిగితే ఎక్కువమంది తొంభై అంటారు.

మనుషుల్ని లెక్కపెడదాం. అతనిలాంటి వెయ్యిమందిలో ఆ జబ్బు పదిమందికి ఉందనుకోండి. ఆ పదిలో తొమ్మిదిమందికి పాజిటివ్ వస్తుంది. మిగిలిన 990 మందికి జబ్బు లేదు, కానీ నూటికి అయిదు చొప్పున దాదాపు యాభైమందికి పాజిటివ్ వస్తుంది. మొత్తం పాజిటివ్‌లు 59. నిజంగా జబ్బున్నవాళ్లు 9. అంటే ఆరేడుగురిలో ఒకరు. తొంభై పాళ్లనుకున్నది పదిహేను పాళ్లు.

పరీక్ష పనికిరానిదని దీని అర్థం కాదు. నూటికి ఒకటిగా ఉన్న అవకాశాన్ని పదిహేనుకు తెచ్చింది. ఆ 59 మందికీ వేరే పద్ధతిలో, అంతే మంచిదైన రెండో పరీక్ష చేస్తే, యాభైమందిలో ఇద్దరో ముగ్గురో మిగులుతారు, తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది మిగులుతారు. అప్పుడు రెండుసార్లూ పాజిటివ్ వచ్చిన పది పదకొండు మందిలో ఎనిమిదిమందికి నిజంగా జబ్బు ఉన్నట్టు. మొదటి కాగితం మీద ఏడవక్కర్లేదు, రెండో కాగితాన్ని వాయిదా వేయకూడదు.

ఇందులో నాకు అన్నిటికన్నా విలువైనదనిపించేది డాక్టరు అడిగే ప్రశ్నలు. ఎన్నాళ్లుగా దగ్గు, బరువు తగ్గారా, ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగినప్పుడు అవి మర్యాద కోసం అడిగేవనుకుంటాం. ఆ ప్రశ్నలతో డాక్టరు మనల్ని ఏ వెయ్యిమందిలో కూర్చోబెట్టాలో తేల్చుకుంటున్నాడు. లక్షణాలున్న వెయ్యిమందిలో 300 మందికి జబ్బుందనుకోండి. అదే పరీక్షలో 270 నిజమైన పాజిటివ్‌లు, 35 తప్పు పాజిటివ్‌లు వస్తాయి. అదే కాగితం, అదే అక్షరాలు, కానీ ఇప్పుడు నూటికి ఎనభై ఎనిమిది పాళ్లు. ముందున్న నమ్మకాన్ని కొత్త ఆధారంతో ఎంత జరపాలో చెప్పే ఈ సూత్రం, థామస్ బేయెస్ చనిపోయిన రెండేళ్లకు, 1763లో అచ్చయింది. ఈ పని పెద్ద లెక్కలు రాకుండా చేయొచ్చు. శాతాలు పక్కనపెట్టి వెయ్యిమంది మనుషుల్ని ఊహించుకుంటే చాలు.

ఆ వెయ్యిమందిలో ఎందరికి జబ్బుందో కూడా కొందరిని చూసే చెబుతాం. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలంటారు. కట్టెల పొయ్యి మీద వండినవాళ్లకు తెలుసు, గరిటె పెట్టి కలిపాకే ఆ మాట నిజం. మంట ఒక పక్కనే ఉంటే పైమెతుకు అడుగు సంగతి చెప్పదు. కలిపి తీసినా, కొన్ని మెతుకులు ఎంతవరకు చెప్పగలవు? ఈ ప్రశ్నకు ప్రపంచానికి జవాబిచ్చినవాడు మనవాడే. కల్యంపూడి రాధాకృష్ణారావు 1920లో, ఇప్పుడు కర్ణాటకలో ఉన్న హువిన హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో చదువుకున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలో మహలనోబిస్ స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో 1941లో చేరారు. తరగతిలో ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న నుంచి పుట్టిన ఫలితాన్ని 1945లో ప్రచురించారు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు. ఉన్న ఆధారం ఇంతైతే, ఒక పక్కకు మొగ్గకుండా ఎంత తెలివిగా లెక్కకట్టినా తప్పు ఒక హద్దు కన్నా తగ్గదని, ఆ హద్దు ఎంతో చెప్పొచ్చని ఆయన చూపారు. దాన్నే క్రామెర్–రావు హద్దు అంటారు. మామూలు సందర్భాల్లో తప్పును సగం చేయాలంటే మెతుకులు నాలుగింతలు కావాలి. 2023లో, 102 ఏళ్ల వయసులో, పోయేముందు అంతర్జాతీయ గణాంక బహుమతి అందుకున్నారు. తెలియనిది ఎంతో కొలిచి చెబితే అరకొరగా తెలిసినది కూడా పనికొస్తుందన్నది జీవితమంతా ఆయన పట్టుకున్న ఆలోచన.

ఆ ఆలోచనను నా వరకు పాటించాలని మూడేళ్లుగా ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. జరుగుతుందనుకున్నదాన్ని, నా పాళ్ల అంకెతో, తేదీ వేసి రాస్తాను. అయ్యాక పక్కన టిక్కు గానీ ఇంటూ గానీ పెడతాను. ఉగాదికి వెనక్కి తిప్పి లెక్కపెట్టాను. అరవై పాళ్లు అని రాసినవి 60 ఉంటే 35 జరిగాయి. అది పరవాలేదు. తొంభై పాళ్లు అని రాసినవి 40. జరిగినవి 29. ఇంటూ పడిన పదకొండూ మళ్లీ చదివాను. తొమ్మిదింటిలో నేను బాగుండాలని కోరుకున్న మనుషులున్నారు. తమ్ముడి వీసా, స్నేహితురాలి ఉద్యోగం, పెద్దమ్మ ఆపరేషన్ తర్వాత వారంలో ఇంటికి రావడం. కోరికను నమ్మకం గడిలో రాశాను. వాళ్లకు మంచి కోరుకోవడం మానలేదు. అలాంటివాటికి ఇప్పుడు పక్క పేజీ కేటాయించాను, దాని మీద అంకె వేయను.

ఈ రోజు అంకెల పేజీలో ఒకటే ఉంది. పల్నాడులో ఒకటి రెండు చోట్ల వాన సూచన. మావయ్య కల్లంలో రెండో కోత కాయ ఉంది. ఇరవై పాళ్లు అని రాసి, ఫోన్ చేసి ఆ ఇరవై ఆయనకూ చెప్పాను. ‘అంటే పడకపోవడానికే ఎక్కువుందిగా అమ్మాయ్’ అన్నాడు. ఔనన్నాను. కాసేపు ఆగి, బరకాలవాణ్ణి పిలుస్తున్నానన్నాడు.